సన్నాయి మందు

జూన్ 3, మంగళవారం

రోజూ ఎలా పడుకున్నానో, ఎలా లేచానో రాసి తెమ్మంది డాక్టరమ్మ. ఆవిడకు చూపించేది వేరే కాగితం మీద రాస్తాను. ఇందులో నాకు తోచింది రాసుకుంటాను. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన డైరీ, జనవరి నుంచీ బియ్యం డబ్బా మీద ఊరికే పడి ఉంది. ఎవరైనా చదువుతారేమోనన్న భయం నాకు లేదు. ఈ ఇంట్లో నేను అన్నదే వినరు, రాసింది చదువుతారా!

రాత్రి పడుకున్నాను, పొద్దున లేచాను. ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టుంది. టీ పొయ్యి మీద పెట్టి నిలబడే కునికాను. పొంగి పొయ్యంతా పాడైంది. ఆయన వచ్చి చూశాడు.

“రాత్రంతా రైసుమిల్లు ఆడించావు. ఇప్పుడు కునికిపాట్లా?” అన్నాడు.

‘అన్నాడు’ అనే రాస్తాను. నోటితో అండీ అండీ అని ఇరవై ఎనిమిదేళ్ళు అన్నాను, చాలు. ఆయనంటే వెంకట్రామయ్య, సన్నాయి విద్వాంసుడు, గంగానమ్మపేట, తెనాలి. కార్డు మీద అలాగే ఉంటుంది. ఆ విద్వాంసుడి భార్య పేరు శేషారత్నం అని ఏ కార్డు మీదా ఉండదు.

జూన్ 5

ఈ గొడవంతా బాపట్లలో మొదలైంది. పోయిన నెల మా అమ్మాయి అలేఖ్య ఇంటికి వెళ్ళి రెండు రోజులున్నాను. పొద్దున్నే వాళ్ళత్తగారు కాఫీ చేతికిస్తూ, “వదినగారికి మా ఇంట్లో బాగా నిద్ర పట్టినట్టుందండి” అంది. వెటకారం తెలియనంత మొద్దునా నేను? ఆ కాఫీ తాగకుండా మొక్కల్లో పారబోశాను.

అలేఖ్య మాత్రం వెటకారం చేయలేదు. “అమ్మా, గురక పెడుతూ పెడుతూ ఆగిపోతున్నావు. ఊపిరే లేదు. భయమేసి కుదిపితే గావుకేక పెట్టి లేచావు. గుర్తుందా?” అంది. నాకేం గుర్తు?

దాని పోరు పడలేక తెనాలిలో కరుణశ్రీ అనే డాక్టరమ్మకు చూపించుకున్నాను. వేలికో క్లిప్పు, ముక్కుకో గొట్టం తగిలించి, రొమ్ముకు పట్టీ కట్టి, ఇంట్లో అలాగే పడుకోమంది. ఇవాళ ఫలితం చెప్పింది.

“మీ ఊపిరి నిద్రలో ఆగుతోందమ్మా. ఒకసారి కాదు, గంటకు పాతికసార్లు పైనే.”

“ఆగితే మనిషి పోవాలి కదండి?”

“పోకుండా మీ మెదడే లేపుతోంది. మెలకువగా ఉన్నప్పుడు గొంతు చుట్టూ ఉన్న కండరాలు గాలి వెళ్ళే దారిని లాగిపట్టి ఉంచుతాయి. మనకు తెలియకుండానే ఆ పని చేస్తుంటాయి. నిద్ర పట్టగానే అవి సడలుతాయి. నాలుక వెనక్కి జారుతుంది, గొంతు గోడలు దగ్గరకొస్తాయి. అందరికీ కాస్త సడలుతాయిలెండి. మీకు పూర్తిగా మూసుకుపోతోంది. గాలి అందక మెదడు ఉలిక్కిపడి మిమ్మల్ని లేపుతుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ అదే. ఇంక పగలు కునుకు రాక ఏమొస్తుంది?”

బొమ్మ గీసి చూపించబోయింది. నాకు అక్కర్లేదు. సన్నాయికి పెట్టే రెల్లు పీక నోట్లో మరీ నానిపోతే దాని రేకులు రెండూ అతుక్కుపోతాయి. బుగ్గలు పగిలేలా ఊదినా గాలి దూరదు. నా గొంతూ అలాగే అవుతోందన్నమాట.

“ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకండి?” అన్నాను.

“నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళకు ఆ కండరాల బిగువు తగ్గుతుందమ్మా. ఇది మగవాళ్ళ జబ్బని అందరూ అనుకుంటారు. ఆడవాళ్ళేమో గురకంటే సిగ్గుపడి చెప్పరు. వదిలేస్తే బీపీ, గుండె, పక్షవాతం, అన్నీ వెనకే వస్తాయి.”

రాత్రిళ్ళు గాలి ఊదే మిషన్ పెట్టుకోమంది. ఆ గాలి గొంతును తెరిచిపెడుతుందట.

జూన్ 6

ఆయనకు చెప్పాను. పళ్ళెంలోంచి తలెత్తలేదు.

“మా వంశంలో ఊపిరికి కొదవలేదు. మీ వైపు నుంచి వచ్చుంటుంది” అన్నాడు.

మా వైపు! మా నాన్న దగ్గర రేపల్లెలో ఆరేళ్ళు అన్నం తిని ఊపిరి పట్టడం నేర్చుకున్న మనిషి ఈ మాట అన్నాడు. మజ్జిగ వడ్డించకుండా లేచి వచ్చేశాను. అడగలేదు కూడా. పచ్చడితోనే తిని లేచాడు.

జూన్ 10

మొన్నటితో ముహూర్తాలు అయిపోయాయి. ఇంక మూఢం, ఆ తర్వాత ఆషాఢం. శ్రావణం దాకా మేళానికి పనిలేదు. మనిషి పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు, భగవంతుడా.

మిషన్ వచ్చింది. అల్లుడు బాపట్ల నుంచి పంపాడు. మూతికి మాస్కు, దానికో గొట్టం. ఆయన చూసి, “ఏనుగు తొండం” అన్నాడు. హాల్లోకి మకాం మార్చాడు. మార్చనీ. గదిలో ఫ్యాను నా ఒక్కదానికే.

జూన్ 12

మాస్కు తీసి విసిరికొట్టాను.

జూన్ 13

మళ్ళీ పెట్టుకున్నాను. పక్షవాతం వస్తే నాకు నీళ్ళు పోసేది ఎవరో ఆలోచించాను. ఆలోచించి పెట్టుకున్నాను.

జూన్ 17

డాక్టరమ్మ గొంతుకు కసరత్తు కూడా చెప్పింది. నాలుకను అంగిటికి గట్టిగా ఆనించి వెనక్కి లాగాలి. ఆ అని సాగదీయాలి. బుగ్గలు పూరించి పట్టాలి. పగలు కండరాలకు పని చెబితే రాత్రి కాస్త బిగువుగా ఉంటాయట.

“బుగ్గలు పూరించడం మా ఇంటి పనేనండి. మాది సన్నాయి వాళ్ళ కుటుంబం” అన్నాను.

ఆవిడ నవ్వింది. “అవునా! ఊదే వాయిద్యాలు సాధన చేసినవాళ్ళలో కొందరికి ఇది కొంచెం తగ్గిందని నేనెక్కడో చదివానమ్మా. కాని మిషన్ మాత్రం మానకూడదు.”

ఆటోలో వస్తుంటే దారంతా అదే ఆలోచన. ఊదే వాయిద్యం. మందుగా. మందంటే ఎవరు కాదంటారు?

జూన్ 18

“డాక్టరమ్మ సన్నాయి ఊదితే మంచిదందండి” అన్నాను.

“ఎవరు?”

“నేను.”

నవ్వాడు. నవ్వి ఊరుకుంటే పోయేది. తర్వాత నవ్వాపి, “ఆడది ఎంగిలి చేసిన సన్నాయి పట్టుకుని పెళ్ళిపీటల ముందు ఎట్టా కూచోమంటావు? తాళి కట్టేటప్పుడు ఊదేది ఇది. ఆటవస్తువు కాదు” అన్నాడు.

ఎంగిలట! ఆయన వాడే రెల్లు పీకలు ఎవరు ఉడకబెడుతున్నారు? ఎవరు ఎండబెడుతున్నారు? ఎవరు అంచులు గీకుతున్నారు? గీకిన ప్రతి పీకా నా నోట్లో పెట్టుకుని కీచుమనిపించి, పలుకుతుందని చూశాకే ఆయన నోట్లోకి వెళ్ళింది. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి ఈ జిల్లాలో జరిగిన పెళ్ళిళ్ళన్నిటిలోనూ నా ఎంగిలే మోగింది. ఒక్క పెళ్ళయినా పెటాకులైందా? ఇదంతా మొహం మీద అడిగాను.

“పీక వేరు, సన్నాయి వేరు” అన్నాడు.

“రేడియోలో ఆడవాళ్ళు ఊదగా నేను విన్నానండి.”

“రేడియోలో విను.”

జూన్ 19

ఆయనతో మాటల్లేవు.

జూన్ 20

లేవు.

జూన్ 22, ఆదివారం

పొద్దున రైలెక్కి రేపల్లె వెళ్ళాను. మా అన్న వీరాస్వామి సన్నాయి మానేసి చాలా కాలమైంది, రొయ్యల మేత వ్యాపారం. నాన్న సామాను వాడి దగ్గరే ఉంది.

“డాక్టరు సన్నాయి ఊదమని చీటీ రాసిచ్చిందన్నయ్యా. నాన్నది ఒకటివ్వు” అన్నాను. చీటీ రాసిందన్నాను. రాయలేదు. రాసినంత పనే.

“నాన్న సన్నాయి నీకెందుకిస్తానే? హాల్లో అద్దాల పెట్టెలో పెట్టిస్తున్నా” అన్నాడు. వాడి పెళ్ళాం లోపల్నుంచి, “ఆడపడుచు వట్టిచేతుల్తో ఎందుకెళ్తుందిలెండి” అంది. అంది గాని బయటికి రాలేదు.

చివరికి అటక మీంచి శ్రుతి గొట్టం దించి ఇచ్చాడు. సన్నాయి పక్కన కూర్చుని ఒకడు ఆపకుండా ఒకే స్వరం ఊదుతుండేవాడు, అది ఊదే గొట్టం. కరెంటు శ్రుతిపెట్టె వచ్చాక దాన్ని ఎవరూ పట్టుకోవడం లేదు. “తీసుకుపో. చీరలారేసుకోవడానికన్నా పనికొస్తుంది” అన్నాడు.

పాత పంచెలో చుట్టుకుని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. వేమూరు దగ్గర ఎక్కినావిడ, “ఏంటి పిన్నీ అది?” అంది. “మందు” అన్నాను.

జూన్ 26

ఆషాఢం వచ్చింది. సాయంత్రాలు డాబా మీద ఊదుతున్నాను.

శ్రుతి పట్టడమంటే అంత తేలికేం కాదు. స్వరం తెగకూడదు. బుగ్గల్లో గాలి నిలబెట్టుకుని, దాన్ని గొట్టంలోకి నెడుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చాలి. నాన్న అన్నయ్యకు గ్లాసులో నీళ్ళు పోసి, బొప్పాయి కాడతో బుడగలు ఊదించి నేర్పేవాడు. బుడగలు ఆగితే వీపు మీద ఒకటి పడేది. అన్నయ్యకు రాలేదు. నేను గోడ అవతల ఇంకో కాడతో ఊదేదాన్ని. నాకు వచ్చింది. నాన్నకు చెప్పలేదు. చెబితే ఏమనేవాడో నాకు తెలుసు.

ఇవాళ చాలాసేపు తెగలేదు. కింద నుంచి పక్కింటి పున్నమ్మ, “రత్నం, మీ ఇంట్లో మోటారేదో కాలిపోతున్నట్టుంది చూసుకో!” అని అరిచింది. అరవనీ.

జూలై 1

ఊదాను. మందే.

జూలై 4

మిషన్ అలవాటైంది. ఎన్నేళ్ళయిందో, పొద్దున లేస్తే తల దిమ్ము లేదు. భోజనమయ్యాక కునుకు రావడం లేదు. మధ్యాహ్నం మేలుకుని కూర్చుంటే ఏం చేయాలో తోచడం లేదు. ఇంత పొడుగు పగళ్ళు అలవాటు లేదు నాకు.

మిషన్ వల్లనేనంటుంది అలేఖ్య. శ్రుతి వల్ల కూడా అంటాను నేను. నాకు తెలియదా నా గొంతు?

జూలై 9

శ్రుతితో కండరాలన్నిటికీ పని పడడం లేదనిపిస్తోంది. ఒకే స్వరం కదా. పైకి కిందికి పోతేనే గొంతంతా కదులుతుంది. డాక్టరమ్మ అలా అనలేదు. నేనే అనుకుంటున్నాను. అడిగితే అవునంటుంది.

జూలై 11

ఆయన దేవస్థానానికి వెళ్ళినప్పుడు సన్నాయి గలీబులోంచి తీశాను.

జూలై 12

తీశాను. మందుకోసమే.

జూలై 14

ఇవాళ మోహన రాగంలో అయిదు స్వరాలూ ఎక్కి దిగాను. నాలుగోసారి వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి. ఎవరూ నేర్పలేదు. నాన్న వేళ్ళు చూసి చూసి నా వేళ్ళకు తెలుసు. ఏడుపొచ్చింది. ఊపిరి ఎక్కువ పట్టడం వల్ల కళ్ళలో నీళ్ళు వస్తాయి, అంతే.

జూలై 16, బుధవారం

దొరికిపోయాను. చెప్పులు విడిచిన చప్పుడు కూడా వినపడలేదు నాకు. వెనక ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. సన్నాయి లాక్కోలేదు. చేయి చాచాడు, ఇచ్చాను. పంచె కొంగుతో తుడిచాడు. పై నుంచి కింద దాకా ఒక్కొక్క రంధ్రం తుడిచాడు. నా మొహం మీద ఉమ్మేసినా అంత బాధ ఉండేది కాదు.

“గమకం మీ నాన్నదే” అన్నాడు. మెచ్చుకున్నాడా? దొంగసొత్తు గుర్తుపట్టినట్టు అన్నాడు. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

“మందండీ అది. నా ప్రాణం మీదకు వచ్చింది” అన్నాను.

“మందైతే మందుల షాపులో కొనుక్కో.”

జూలై 17

ఈ మనిషిని క్షమించను. రాసిపెట్టుకుంటున్నాను కాబట్టి మర్చిపోవడానికి వీల్లేదు.

జూలై 25, శుక్రవారం

శ్రావణం. ఫోన్లే ఫోన్లు. సంగం జాగర్లమూడిలో ఒక పెళ్ళి, కర్లపాలెంలో ఒకటి. జుట్టుకు రంగేసుకున్నాడు. నేను డాబా మీద శ్రుతి ఊదుకుంటున్నాను. ఒకే స్వరం. నా ఖర్మ.

జూలై 31

పొద్దున ముహూర్తం చూసుకుని బాపట్ల వైపు నుంచి వచ్చాడు. పెళ్ళి భోజనం చేసి వచ్చాడేమో, వస్తూనే వసారాలో నవారు మంచం మీద వాలాడు. కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు కూడా లేదు. నేను గుమ్మంలో కూర్చుని రెల్లు గీకుతున్నాను.

గురక మొదలైంది. నన్నంటాడు గాని ఈయనదేం తక్కువ, అనుకున్నాను. ఇన్నేళ్ళూ మధ్యాహ్నమైతే నేనే సోలిపోయేదాన్ని, ఈయన గురక ఎప్పుడు విన్నాను? పెరుగుతూ పెరుగుతూ వచ్చి టక్కున ఆగింది.

చూశాను. రొమ్ము ఎగురుతోంది, పొట్ట ఎగురుతోంది, నోరు తెరిచే ఉంది. గాలి మాత్రం రావడం లేదు. చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి మునిగి తేలినవాడిలా ఎగపీల్చి, అటు తిరిగి పడుకున్నాడు. కాసేపు గురక. మళ్ళీ ఆగింది.

పోనీ అనిపించింది. అలా రాయకూడదు. అనిపించింది కాబట్టి రాశాను.

ఆగస్టు 1

అలసిపోయాడు, అంతే. అలసినవాళ్ళకు అలా ఉంటుంది.

ఆగస్టు 2

పెళ్ళి భోజనం బరువు. ఆ గారెలు అవీ.

ఆగస్టు 3

ఇవాళ పెళ్ళి లేదు. ఇంట్లో పప్పుచారు అన్నమే తిన్నాడు. ఆగింది.

ఆగస్టు 4

నలభై ఏళ్ళ నుంచి సన్నాయి ఊదుతున్న మనిషికి గొంతు కండరాలు సడలడమేంటి? అది జరగదు. జరిగేదైతే నేను ఇంత గొడవ ఎందుకు పడతాను?

ఆగస్టు 5

డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. మిషన్ లెక్కలు చూసి, “భలే తగ్గిందమ్మా” అంది. నేను ఊరికే అడిగినట్టు అడిగాను.

“సన్నాయి ఊదేవాళ్ళకు ఈ జబ్బు రాదు కదమ్మా?”

“ఎందుకు రాదండి? గొంతు ఇరుకుగా ఉన్నా, వయసు మీద పడినా ఎవరికైనా వస్తుంది. సాధన వల్ల కొందరికి కొంచెం లాభం, అంతే. అది కాపలా ఏం కాదు. మీకు తగ్గింది మిషన్ వల్ల. ఎందుకడుగుతున్నారు, ఇంట్లో ఎవరికైనా ఉందా?”

“లేదండి” అన్నాను.

ఎంత తడుముకోకుండా అన్నాను! ఆటోలో కూర్చున్నాక డాక్టరమ్మ మీద కోపం వచ్చింది. మొదట చదివానని ఎందుకు చెప్పింది? చెప్పకపోతే నాకు ఈ ఆశ ఎక్కడిది? ఆవిడ చదవడమేంటి, నేను వినడమేంటి.

ఆయనకు చెబితే ఏమవుతుంది? మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోడు, అది వేరే సంగతి. కాని ఒకటి పట్టుకుంటాడు. చూశావా, ఊదితే తగ్గదు, అంటాడు. అప్పుడు నా చేతిలో ఏముంది? ఇనప్పెట్టె ఎప్పటికీ తెరవడు.

అందుకని చెప్పను. శ్రావణం అయ్యేదాకా చెప్పను. చూద్దాం.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. తోరం కట్టుకున్నాను. వాయనం ఇస్తుంటే పున్నమ్మ, “దీర్ఘసుమంగళీ భవ” అంది. ఆయన వసారాలో పడుకున్నాడు. ఆ గురక ఆగడం పూజ గదిలోకి వినపడింది. పున్నమ్మకు వినపడలేదు. నేను గంట గట్టిగా వాయించాను.

దేవుడి ముందు కూర్చుని ఇంత పాపం చేసినదాన్ని నేనే అయి ఉంటాను.

ఆగస్టు 9

చెప్పలేదు.

ఆగస్టు 11, సోమవారం

మధ్యాహ్నం రేపల్లెలో పెళ్ళి చూసుకుని బండి మీద వస్తున్నారు. ఆయన ముందు, డోలు సాంబయ్య వెనక. జంపని దాటాక బండి రోడ్డు దిగి పక్కనున్న పంటకాలువ బోదెలో పడింది. సాంబయ్యకు మోకాళ్ళు గీసుకుపోయాయి. ఆయనకు గడ్డం చీలింది. కింది పెదవి లోపల దాకా తెగింది. కుట్లు వేయించుకుని సాయంత్రం వచ్చారు.

“గేదె అడ్డం వచ్చింది” అన్నాడు ఆయన. పెదవి వాచి మాట సరిగా రాలేదు.

ఆయన లోపలికి వెళ్ళాక సాంబయ్య నా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పాడు. “గేదే లేదు, పాడూ లేదు వదినా. నడుపుతూనే నిద్రపోయాడు. వెనక నుంచి అన్నా అన్నా అని అరుస్తూనే ఉన్నా. ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే నేనే హ్యాండిల్ లాగాను. నీకు తెలియనిదేముంది, ఈ మధ్య పెళ్ళిపందిట్లో కూడా సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్నాడు.”

నీకు తెలియనిదేముంది అన్నాడు. వాడికి తెలియక అన్నాడు. దొడ్లోకి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ బోదె కాక ట్రాక్టరయితే? సాంబయ్యకు ఇద్దరు చదువుకునే పిల్లలు. నేను సన్నాయి కోసం ఇద్దరు మనుషుల్ని రోడ్డు మీదకు పంపించాను. సన్నాయి కోసమే. మందుకోసం అని ఇంక రాయను.

ఆగస్టు 12, మంగళవారం

పొద్దున జావ కాచి ఇచ్చాను. ఆ పెదవితో ఇంకేమీ తినలేడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నాను. మాటలు మానేసి ఇరవై రోజులు దాటిందేమో, నేను కూర్చోవడం చూసి ఆయనకే కంగారు పుట్టింది.

“ఏంటి?” అన్నాడు.

“మీరు నిద్రలో ఆగిపోతున్నారండి. నాకున్నదే మీకూ ఉంది. పన్నెండు రోజులుగా చూస్తున్నాను. చెప్పలేదు.”

“నేనా?”

“మీరే. పగలు కునికేది అందుకే. నిన్న పడిందీ అందుకే. గేదె కాదు. సాయంత్రం డాక్టరమ్మ దగ్గరకు వెళ్తున్నాం. అలేఖ్యకు కూడా ఫోన్ చేసి చెప్పాను.”

“నలభై ఏళ్ళు సన్నాయి ఊదిన గొంతే ఇది! నీ గొంతూ నా గొంతూ ఒకటేనా?” గట్టిగా అరవబోయాడు. కుట్లు లాగి, పెదవి చేత్తో పట్టుకున్నాడు.

“నలభై ఏళ్ళు ఊదినా మూసుకుపోతోంది. కావాలంటే మధ్యాహ్నం పడుకోండి, సాంబయ్యను పిలిచి చూపిస్తాను. నన్ను తిట్టండి, ఏమైనా చేయండి, బండి మాత్రం ముట్టుకోవద్దు. ఇవాళ రాత్రికి నా మిషన్ మీరు పెట్టుకోండి.”

గోడ మీద మా నాన్న ఫోటో వైపు చూశాడు. భయపడ్డాడు. ఈ మనిషి భయపడడం నేను మొదటిసారి చూశాను. పన్నెండు రోజులు నోరు మూసుకున్నందుకు నన్ను చంపేసినా తప్పులేదు అనుకున్నాను. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. ఇంకోటి తట్టింది. కళ్ళు నా మీదకు తిరిగినప్పుడే తెలిసింది, దొరికిందని. నేను అన్ని రోజులూ దేనికి భయపడ్డానో సరిగ్గా అదే.

“అయితే సన్నాయి ఊదితే ఇది తగ్గదన్నమాట.”

“తగ్గదండి.”

“నీకు తగ్గింది ఆ మిషన్ వల్లనేనా?”

“మిషన్ వల్లనే.”

“మరి మందు మందని రెండు నెలల నుంచీ నా ప్రాణాలు తోడావే!”

“తోడాను.”

మొలతాడు దగ్గర తాళం చెవి మీద చేయి వేసుకున్నాడు. గెలిచినవాడి మొహం పెట్టాడు, ఆ వాచిన పెదవితోనే.

“అయితే ఇంక సన్నాయి నీకెందుకు?”

“వాయించడానికి” అన్నాను.